పత్రాల ప్రమాణం: ఓటు ఎవరిది?

అయ్యంకి వెంకట రమణయ్య స్మారకోపన్యాసం



అయ్యంకి వెంకట రమణయ్య గారి పేరు మీద జరుగుతున్న సభలో మాట్లాడే అవకాశం రావడం నాకు గౌరవం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పునాది వేసి, 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికను నడిపి, ఊరూరా పుస్తకం చేరాలని జీవితమంతా తిరిగిన మనిషి ఆయన. 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభకు పూనుకున్నదీ ఆయనే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1979లో కన్నుమూశారు. ఆయన కాలంలోనే పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు పంపారు. ఆ తరం చేసిన పనిలో నాకు బోధపడింది ఒక్కటే. ఒకరు రాసినది ఇంకొకరు చదువుకోవడానికి మధ్యలో ఎవరి అనుమతీ అవసరం కాకూడదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ అనుమతి గురించే.

గ్రంథపాలకుల సభలో కంప్యూటర్ ఫైళ్ళ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వు, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథం, పత్రికకు వెళ్ళే కథ, కోర్టుకు వెళ్ళే పిటిషన్, ఏదైనా సరే ఇప్పుడు ముందు ఫైలుగానే పుడుతోంది. ఆ ఫైలు ఏ పద్ధతిలో రాయాలో ప్రపంచ దేశాలు ఓటు వేసి తేల్చిన సందర్భం ఒకటుంది. 2007, 2008 సంవత్సరాల్లో జరిగింది. ఆ ఓటింగ్ ఎలా నడిచిందో మన భాషలో పెద్దగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

1

మీ దగ్గరున్న ఒక వర్డ్ ఫైలు తీసుకోండి. పేరు చివర డాక్ఎక్స్ అని ఉంటుంది. దానికొక నకలు తీసి, నకలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో చూస్తే బోలెడన్ని గుర్తుల మధ్య మీరు టైపు చేసిన తెలుగు వాక్యాలు కనబడతాయి. ఏ పేరా ఎక్కడ మొదలైంది, ఏ మాట బొద్దుగా ఉండాలి, పట్టికలో గీతలు ఎంత లావు, అన్నీ ఆ గుర్తులే చెబుతాయి. ఆ గుర్తుల్లో దేనికి ఏ అర్థమో రాసిపెట్టిన నియమావళినే ఫైలు ఫార్మాట్ అంటున్నాం. నియమావళి అందరి చేతిలో ఉంటే ఏ కంపెనీ ప్రోగ్రాంతోనైనా ఆ ఫైలు తెరవచ్చు. ఒక్క కంపెనీ చేతిలో ఉంటే, ఆ కంపెనీ సరుకు కొంటేనే మీ పత్రం మీకు కనబడుతుంది.

తెలుగువాళ్ళకు ఈ బాధ కొత్తది కాదు. యూనికోడ్ రాకముందు వాడిన ఫాంట్లలో డీటీపీ చేసిన పుస్తకాల ఫైళ్ళు ఇవాళ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. రచయితా ఉన్నాడు, ఫైలూ ఉంది, చదవడానికి మాత్రం లేదు. ఎంతోమంది ప్రచురణకర్తలు పాత పుస్తకాలను మొదటి నుంచి మళ్ళీ టైపు చేయించుకున్నారు. ఈ సభలో ఆ పని చేయించినవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు.

ఈ ఇబ్బంది గ్రహించిన ప్రభుత్వాల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ముందు వరుసలో ఉంది. ప్రభుత్వ పత్రాలన్నీ ఎవరైనా వాడుకోగల బహిరంగ ఫార్మాట్‌లో ఉండాలని 2005 సెప్టెంబరులో అక్కడి ఐటీ విభాగం నిర్ణయించింది. అప్పటికి అలాంటిది ఒకటి సిద్ధంగా ఉంది. దాని పేరు ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్, పొట్టిగా ఓడీఎఫ్. దాన్ని ఓయాసిస్ అనే సంస్థ ఆ ఏడాది మే నెలలో ఆమోదించింది. మరుసటి ఏడాది మే నెలలో జెనీవాలోని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, అంటే ఐఎస్‌ఓ, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా దాన్ని అంగీకరించింది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ మార్కెట్‌లో తిరుగులేని స్థానంలో ఉన్న మైక్రోసాఫ్ట్‌కు ఇది పెద్ద కుదుపు. ప్రభుత్వాలు అంతర్జాతీయ ప్రమాణం ఉన్న ఫార్మాట్‌నే కొంటామంటే తన ఫార్మాట్ బయట నిలబడవలసి వస్తుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల్లో ఒక నియమం ఉంది. సభ్య దేశాలు తమ సాంకేతిక నిబంధనలకు అంతర్జాతీయ ప్రమాణాలను ఆధారంగా తీసుకోవాలని అది చెబుతుంది. ఐఎస్‌ఓ ముద్ర పడితే ప్రభుత్వ టెండర్లలో తలుపు తెరుచుకుంటుంది, పడకపోతే మూసుకుపోతుంది. అందువల్ల నిపుణుల మధ్య నిశ్శబ్దంగా జరిగిపోవలసిన ఒక ఓటు విలువ వేల కోట్ల వ్యాపారానికి సమానమైంది.

2

మైక్రోసాఫ్ట్ తన ఫార్మాట్‌ను ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎంఎల్ పేరుతో 2005 చివర్లో ఎక్మా అనే సంస్థకు ఇచ్చింది. ఎక్మా 1961 నుంచి ఉన్న పరిశ్రమ సంఘం, దాని కార్యాలయం కూడా జెనీవాలోనే. 2006 డిసెంబరులో అక్కడ ఆమోదం దొరికింది. కాదన్నది ఐబీఎం ఒక్కటే. అక్కడి నుంచి దాన్ని ఐఎస్‌ఓకు పంపారు. వేరే సంస్థలో ముందే పరిశీలన జరిగి వచ్చింది కాబట్టి త్వరగా తేల్చే మార్గం ఒకటుంది, దాన్ని ఫాస్ట్ ట్రాక్ అంటారు. ఆ మార్గంలో వచ్చింది.

ఓటింగ్ పద్ధతి కాస్త ఓపికగా వినండి, తర్వాతి కథంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఐఎస్‌ఓలో ఒక దేశానికి ఒక ఓటు. మాల్టాకు ఎంతో చైనాకూ అంతే. కంప్యూటర్ ప్రమాణాలు చూసే సంయుక్త కమిటీలో దేశాలు రెండు రకాలు. పనిలో చురుగ్గా పాల్గొంటామని మాట ఇచ్చినవి పీ సభ్యులు. పరిశీలకులుగా ఉండేవి ఓ సభ్యులు. ప్రమాణం గెలవాలంటే రెండు షరతులు నెరవేరాలి. ఓటు వేసిన పీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఔననాలి. అన్ని దేశాల ఓట్లలో కాదన్నవి నాలుగో వంతు దాటకూడదు. తటస్థంగా ఉన్నవాళ్ళు లెక్కలోకే రారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. కాదనే దేశాన్ని ఔననిపించలేకపోయినా, తటస్థంగా ఉంచగలిగితే ఔననేవాళ్ళ వాటా పెరుగుతుంది.

ఇంకొకటి. దేశం ఓటు వేస్తుందంటే ప్రభుత్వం వేస్తుందని అనుకుంటాం. అలా కాదు. ఆ దేశపు ప్రమాణాల సంస్థ వేస్తుంది. మన దేశంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్. ఆ సంస్థలో ఆ విషయానికి ఒక కమిటీ ఉంటుంది. కమిటీలో కంపెనీలు, విద్యాసంస్థలు, ప్రభుత్వ విభాగాలు సభ్యులు. చాలా దేశాల్లో సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళకే ఆ గదిలో కుర్చీ. జెనీవాలో దేశం పేరుతో కనబడే ఓటు నిజానికి ఆ గదిలో పుడుతుంది.

3

ఎక్మా నుంచి వచ్చిన నియమావళి ఆరు వేల పేజీలు. ఓడీఎఫ్‌ది సుమారు ఏడు వందలు. చదివి అభిప్రాయం చెప్పడానికి దేశాలకు ఇచ్చిన గడువు అయిదు నెలలు, 2007 సెప్టెంబరు 2తో ముగిసింది. ఒక్క రోజు సెలవు లేకుండా చదివినా రోజుకు నలభై పేజీలు. అదీ కథల పుస్తకం కాదు, ప్రతి పంక్తికీ ఒక ప్రోగ్రాం రాయవలసిన సాంకేతిక పాఠం. అమెరికాలో, జర్మనీలో ఆ పని చేయడానికి మనుషులున్నారు. చిన్న దేశంలో, ముగ్గురో నలుగురో ఉన్న కమిటీకి అది అసాధ్యం. చదవలేనివాళ్ళు ఎవరిని అడుగుతారు? చదివినవాళ్ళను అడుగుతారు. చదివినవాళ్ళు ఎవరు? రాసినవాళ్ళే. పరిమాణం కూడా పలుకుబడే.

ఆ పేజీల్లో ఏముందో ఒక ఉదాహరణ చూపిస్తాను. ఇంటికి వెళ్ళి ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 60 అని వేసి దాన్ని తేదీగా మార్చండి. 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అలాంటి రోజు ఎప్పుడూ లేదు. వందతో భాగింపబడే సంవత్సరం లీపు సంవత్సరం కావాలంటే నాలుగు వందలతో కూడా భాగింపబడాలి, 1900 అలా కాదు. ఈ తప్పు మొదట లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాంలో ఉంది. దానితో పొత్తు కుదరాలని ఎక్సెల్ అదే లెక్కను ఉంచుకుంది. అంతవరకూ ఒక కంపెనీ తన ఖాతాదారుల కోసం చేసుకున్న సర్దుబాటు, దాన్ని నేను తప్పుపట్టను. అదే తప్పును అంతర్జాతీయ ప్రమాణంలో రాసి, ప్రపంచంలో ఎవరు కొత్తగా లెక్కల ప్రోగ్రాం రాసినా లేని రోజును ఉన్నట్టు చూపాలన్నారు. వ్యతిరేకించిన దేశాలు ఎత్తి చూపినవాటిలో ఇది ముఖ్యమైనది.

దీనికంటే నన్ను ఎక్కువ కలతపెట్టింది ఇంకొకటి. వర్డ్ 95లో అక్షరాల మధ్య ఖాళీ ఎలా వదిలేవారో అలాగే వదలాలని చెప్పే గుర్తు ఒకటి ఆ నియమావళిలో ఉంది. ఎలా వదిలేవారో చెప్పలేదు. ఆ పాత ప్రోగ్రాం ప్రవర్తనను అనుకరించమని మాత్రమే ఉంది. ఆ ప్రవర్తన తెలిసింది ఒక్క కంపెనీకే. అందరి చేతికీ ఇచ్చిన నియమావళిలో తాళం చెవి ఇంకొకరి జేబులోనే ఉండిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే మైక్రోసాఫ్ట్ వాదనలోనూ బలం ఉంది. ప్రపంచంలో కోట్ల కోట్ల పాత పత్రాలు తన ఫార్మాట్‌లో ఉన్నాయి, వాటిలోని వివరం ఒక్కటి కూడా పోకుండా కొత్త రూపంలోకి తేవాలంటే నియమావళి పెద్దదే అవుతుందన్నారు. పత్రాలు భద్రపరిచే మనకు ఆ మాట చిన్నది కాదు. ఇంతకుముందు ఆ ఫార్మాట్ బయటివాళ్ళకు చీకటి గది. ఇప్పుడు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే మన వాక్యాలు మనకు కనబడుతున్నాయంటే ఆ ప్రచురణ వల్లే. ఆ మేలును కాదనను. నా అభ్యంతరం ఆ నియమావళిని ప్రపంచ ప్రమాణంగా మార్చిన దారి మీద.

4

ఇప్పుడు ఆ దారి చూద్దాం.

2007 ఆగస్టు 27న స్వీడన్ ప్రమాణాల సంస్థ కమిటీ ఓటు వేయడానికి కూర్చుంది. అంతకుముందు నెలల తరబడి ఆ నియమావళిని చదివిన సభ్యులు కొద్దిమంది. సమావేశం నాటికి ఇరవైకి పైగా కొత్త సంస్థలు రుసుము కట్టి సభ్యులయ్యాయి. వాటిలో ఎక్కువ మైక్రోసాఫ్ట్‌తో వ్యాపార భాగస్వామ్యం ఉన్నవి. ఓటు తీస్తే 25 ఔను, 6 కాదు, 3 తటస్థం. తర్వాత కొద్ది రోజులకే ఒక సంగతి బయటపడింది. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు భాగస్వాములకు ఉత్తరం రాశారు. కమిటీలో చేరి ఓటు వేయండి, మార్కెటింగ్ రూపంలో సాయం ఉంటుందన్నది దాని సారాంశం. కంపెనీ దాన్ని ఒప్పుకుంది. అది ఆ ఉద్యోగి పొరపాటు, తమ విధానం కాదు, ఆ మాట వెనక్కి తీసుకున్నామంది. స్వీడన్ సంస్థ ఆ ఓటింగ్‌ను రద్దు చేసింది. ఎందుకు రద్దు చేసిందో గమనించండి. ఒక సభ్యుడు ఒకటికంటే ఎక్కువ ఓట్లు వేశాడన్న కారణంతో. చివరి రోజున ఇరవై మంది వచ్చి చేరి ఓటు వేయడం నిబంధనలకు విరుద్ధం కాదు. రుసుము కట్టారు, సభ్యులయ్యారు, చేయి ఎత్తారు. నియమం ప్రకారం అంతా సవ్యమే. మళ్ళీ ఓటింగ్ పెట్టడానికి వ్యవధి లేక స్వీడన్ తటస్థంగా మిగిలింది.

పోర్చుగల్‌లో ఇంకో రకం. ఆ ఏడాది జులైలో జరిగిన సమావేశానికి ఓడీఎఫ్ వైపున్న సన్, ఐబీఎం కంపెనీల ప్రతినిధులు వస్తే గదిలో కుర్చీలు చాలవని చెప్పి చేర్చుకోలేదని అప్పట్లో పత్రికల్లో విస్తృతంగా వచ్చింది.

దేశాల స్థాయిలోనూ ఇదే జరిగింది. ఓటింగ్ ముగిసే చివరి వారాల్లో పది దాకా దేశాలు పరిశీలక హోదా నుంచి పీ సభ్యత్వానికి మారాయి. సైప్రస్, మాల్టా, లెబనాన్, జమైకా, కోత్ దివార్, పాకిస్తాన్ వాటిలో ఉన్నాయి. వాటిలో అత్యధికం ఔనని ఓటు వేశాయి. చిన్న దేశానికి ఓటు ఉండకూడదని నేను అనడం లేదు. మనమూ ఒకప్పుడు ప్రమాణాల సభల్లో వినపడని గొంతులమే. జమైకా అభిప్రాయానికి అమెరికా అభిప్రాయంతో సమానమైన విలువ ఉండాలి. అయితే అది అభిప్రాయం కావాలి. పీ సభ్యత్వం అంటే ఆ కమిటీలో వచ్చే ప్రతి ప్రమాణాన్నీ చదివి ఓటు వేస్తామన్న హామీ. ఆ హామీ ఏమైందో తర్వాతి నెలలు చూపించాయి. పత్రాల ఫార్మాట్లు చూసే ఉపసంఘంలోనూ ఇలాగే కొత్త పీ సభ్యులు పెరిగారు. 2007 శరదృతువు వచ్చేసరికి ఆ ఉపసంఘంలో ఇతర ప్రమాణాల మీద పెట్టిన ఓట్లు వరసగా వీగిపోయాయి. వ్యతిరేకత వల్ల కాదు, సగం మంది పీ సభ్యులు కూడా సమాధానం పంపకపోవడం వల్ల. ఒక్క ఓటు కోసం వచ్చి చేరినవాళ్ళు ఆ తర్వాత రాలేదు. అప్పటిదాకా ఏళ్ళ తరబడి నెమ్మదిగా, నమ్మకంగా పని చేసుకుంటున్న కమిటీ చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఉపసంఘం సచివాలయం బహిరంగంగా మొర పెట్టుకుంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యంగా కనిపించేది ఇదే. ఎవరి జేబులో ఎంత పడిందన్న ప్రశ్న వెంట పడితే ఎక్కడికీ చేరం. అది నిరూపించడం కష్టం, నిరూపించకుండా ఆరోపించడం అన్యాయం. ఓటరు జాబితా ఎప్పుడు పెరిగింది, పెరిగినవాళ్ళు తర్వాత ఏం చేశారు అన్నది మాత్రం కాగితం మీద ఉంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్ళకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

5

2007 సెప్టెంబరు 4న ఫలితం వచ్చింది. 87 దేశాలు పాల్గొన్నాయి. పీ సభ్యుల్లో 17 ఔను, 15 కాదు, 9 తటస్థం. ఔనన్నది 53 శాతం, కావలసింది 67. అన్ని దేశాల్లో కాదన్నది 26 శాతం, 25 దాటకూడదు. ప్రమాణం వీగిపోయింది. కాకపోతే ఇది ఆఖరి ఓటు కాదు. దేశాలు రాసిన అభ్యంతరాలు మూడు వేల అయిదు వందలకు పైగా ఉన్నాయి. వాటిని పరిష్కరించడానికి 2008 ఫిబ్రవరి 25 నుంచి అయిదు రోజులు జెనీవాలో సమావేశం పెట్టారు. ఒకేలా ఉన్నవాటిని కలపగా ఎక్మా ఇచ్చిన సమాధానాలు వెయ్యికి పైచిలుకు. అయిదు రోజులు, రోజుకు ఏడు గంటల చొప్పున లెక్కేసుకోండి. ఒక్కో అంశానికి రెండు నిమిషాలు. సమావేశం నడిపిన అలెక్స్ బ్రౌన్ వీలైనన్ని ముఖ్యమైనవి చర్చకు తెచ్చారు. మిగిలినవాటిని, అంటే అత్యధిక భాగాన్ని, ఒక జాబితా మీద ఓటు వేయించి ముగించారు. ఆ గదిలో కూర్చున్న ఇంజనీర్లను నేను నిందించను. అంత పనిని అంత వ్యవధిలో పెట్టిన పద్ధతిలోనే లోపం ఉంది.

ఆ తర్వాత ఓటు మార్చుకోవడానికి దేశాలకు ముప్పై రోజులు ఇచ్చారు. ఈ ముప్పై రోజుల్లో నార్వేలో జరిగింది మరిచిపోకూడనిది. ఆ దేశం సెప్టెంబరులో కాదన్నది. మార్చి చివర్లో కమిటీ సమావేశమైతే గదిలో ఉన్నవాళ్ళలో అత్యధికులు ఇప్పుడూ కాదనే అన్నారు. ఏకాభిప్రాయం లేదు కాబట్టి నిర్ణయం తామే తీసుకుంటామని సంస్థ అధికారులు చెప్పి, నార్వే ఓటును ఔనుగా మార్చి జెనీవాకు పంపారు. కమిటీ అధ్యక్షుడు స్టీవ్ పెప్పర్ తమ దేశం ఓటును పక్కన పెట్టమని ఐఎస్‌ఓకు ఉత్తరం రాశారు. ఓస్లో వీధుల్లో ఊరేగింపు జరిగింది. ఫైలు ఫార్మాట్ కోసం జనం ప్లకార్డులు పట్టుకుని వీధిలోకి వచ్చారు! ఆ ఏడాది అక్టోబరులో ఆ కమిటీలోని 23 మందిలో 13 మంది రాజీనామా చేసి వెళ్ళిపోయారు.

2008 ఏప్రిల్ మొదట్లో చివరి లెక్క వచ్చింది. పీ సభ్యుల్లో 24 ఔను, 8 కాదు. 75 శాతం. మొత్తం ఓట్లలో కాదన్నవి 71లో 10. ప్రమాణం గెలిచింది. ఆ ఎనిమిది దేశాల పేర్లు చెబుతాను: కెనడా, చైనా, ఈక్వెడార్, భారత్, ఇరాన్, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా, వెనిజులా.

6

ఆ జాబితాలో మన దేశం ఉంది. ఎలా ఉందో తెలుసుకోవాలి.

2008 మార్చి 20న ఢిల్లీలో బీఐఎస్ కమిటీ కూర్చుంది. కాదన్నవాళ్ళు 13, ఔనన్నవాళ్ళు 5, తటస్థం ఒకరు. సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో పెద్ద పేర్లు ఔను వైపు నిలబడ్డాయి. మన తెలుగు పిల్లలు వేలమంది ఉద్యోగం చేసే పరిశ్రమ అది. అయినా కమిటీ లొంగలేదు. కారణం ఆ గదిలో వ్యాపారంతో సంబంధం లేని కుర్చీలు కొన్ని ఉన్నాయి. విద్యాసంస్థల ఆచార్యులు, ప్రభుత్వ సాంకేతిక సంస్థల ఇంజనీర్లు ముందు నుంచి సభ్యులుగా ఉన్నారు, నియమావళిని చదివారు, సెప్టెంబరులో రాసి పంపిన అభ్యంతరాలకు జవాబు వచ్చిందో లేదో ఒక్కొక్కటిగా చూశారు. రాలేదని తేల్చుకుని ఓటు వేశారు.

ఇక్కడ మీలో ఒకరైనా అడగవలసిన ప్రశ్న ఉంది. కాదన్నవాళ్ళలో కంపెనీలు లేవా? ఉన్నాయి. ఐబీఎం, సన్, రెడ్ హ్యాట్ ఓడీఎఫ్ వైపు నిలబడ్డాయి, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. ఐబీఎం తన పలుకుబడిని దేశదేశాల్లో వాడిందని మైక్రోసాఫ్ట్ అప్పట్లో పదే పదే చెప్పింది, అందులో నిజం లేకపోలేదు. అందుకే నేను ఈ ఉపన్యాసాన్ని ఒక కంపెనీ మీద నేరారోపణగా నడపడం లేదు. రెండు వ్యాపార శిబిరాలు కొట్లాడుకున్నాయి. ఒక శిబిరం లాభం ఆ సారి ప్రజల లాభంతో కలిసింది. రేపు కలవకపోవచ్చు. రేపటి పోరు కృత్రిమ మేధ మీద కావచ్చు, డిజిటల్ గుర్తింపు మీద కావచ్చు. అప్పుడు ఏ కంపెనీ మంచిదో వెతుక్కుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. స్వీడన్‌లో లేనిదీ ఢిల్లీలో ఉన్నదీ ఒక్కటే. కంపెనీ డబ్బుతో కాకుండా తన చదువుతో, తన పదవి బాధ్యతతో వచ్చి కూర్చున్న మనిషి తగినంత సంఖ్యలో ఉండడం.

కమిటీలో ప్రజల కుర్చీలు ఖాళీగా ఉంటే వాటిని నింపుకోవడం చట్టరీత్యా నేరం కాదు. కంపెనీల పలుకుబడి పెరిగేది ఆ ఖాళీల్లోనే. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులా ఫలితం మీద అప్పీలు చేశాయి. 2008 ఆగస్టులో వాటిని కొట్టేశారు. అదే నెల చివర్లో బ్రెసీలియాలో ఆరు దేశాల ప్రభుత్వ ప్రతినిధులు, ఐఎస్‌ఓ ముద్ర ఉన్నంత మాత్రాన ఇకపై తమకు అది ప్రమాణం కాబోదని ప్రకటించారు. నవంబరులో ప్రమాణం అచ్చయింది. జెనీవా సమావేశం ఫలితంగా దాన్ని రెండుగా విడదీశారు: పాత తప్పులు తీసేసిన కచ్చితమైన రూపం ఒకటి, పాత పత్రాల కోసం తాత్కాలిక రూపం ఇంకొకటి. 2010లో వచ్చిన ఆఫీస్ కచ్చితమైన రూపంలో ఫైలు రాయలేకపోయింది. జెనీవా సమావేశం నడిపిన అలెక్స్ బ్రౌనే ఆ సంవత్సరం దాన్ని బహిరంగంగా విమర్శించారు. 2013 ఆఫీస్‌లో ఆ వీలు వచ్చింది. ఈ రోజుకీ మీరు మామూలుగా సేవ్ చేస్తే పడేది తాత్కాలిక రూపంలోనే.

మన దేశం 2010 నవంబరులో ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రకటించింది. బ్రిటన్ ప్రభుత్వం 2014 జులైలో, సవరించుకునే పత్రాలకు ఓడీఎఫ్‌ను ఎంచుకుంది. అంటే ఓటు ఓడినా వాదన ఓడలేదు.

చివరిగా ఈ సభలో ఉన్న గ్రంథపాలకులకు, అధ్యాపకులకు నా విన్నపం. బీఐఎస్ తయారు చేసే ప్రతి ముసాయిదా ప్రమాణాన్నీ ప్రజాభిప్రాయం కోసం తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరైనా చదివి అభ్యంతరం పంపవచ్చు. పత్రాల భద్రత, గ్రంథాలయ సమాచారం, భారతీయ భాషల లిపులు, వీటికి సంబంధించిన ముసాయిదాలూ అక్కడికే వస్తాయి. తెలుగు లిపి ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళు, పాత తెలుగు ఫైళ్ళు తెరవలేక అవస్థపడినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. మీ అనుభవం కంపెనీ ప్రతినిధి దగ్గర లేదు. మీ సంస్థ తరఫున సభ్యత్వం అడగండి. అది కుదరకపోతే ముసాయిదా మీద మీ పేరుతో అభిప్రాయం పంపండి. విశ్వవిద్యాలయాల పాలకులు ఎవరైనా ఇక్కడ ఉంటే, ప్రమాణాల కమిటీకి వెళ్ళివచ్చిన ఆచార్యుడి పనిని పరిశోధన పత్రంతో సమానంగా లెక్కించమని కోరుతున్నాను. ప్రయాణ ఖర్చులు ఇప్పించమని కోరుతున్నాను. ఈ సంవత్సరమే మొదలుపెట్టండి.